‘గ్లోరీ’కి తెలుగేంది సార్?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజీల్లో సగానికి పైగా ఒకే మాట చుట్టూ తిరిగాయి. మొదలుపెట్టింది మిర్యాలగూడ ఫ్లెక్సీ షాపు యజమాని. పోయిన సంచికలో ఆయన ప్రశ్న మాత్రం వేసి, జవాబు వచ్చేసారి చెప్తానన్నాను. ఈలోపు చర్చి పాటలు పాడేవాళ్లు, విమానం ఎక్కినవాళ్లు, అడవి పక్క ఊరివాళ్లు కూడా రాశారు. అందుకే ఈ నెల పేజీ అంతా దీనికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: సార్, టెన్త్ బ్యాచ్ వాళ్లు పాతికేండ్ల కలయికకు ‘గ్లోరియస్ ట్వంటీఫైవ్ ఇయర్స్’ అని ఫ్లెక్సీ వేయమన్నరు. అండ్ల ఒకాయన తెలుగులనే కావాలన్నడు. ‘మహిమాన్విత పాతికేళ్లు’ అని వేస్తే జాతర పోస్టర్ లెక్క ఉందని వాపస్ పంపిన్రు. అసలు గ్లోరీకి తెలుగేంది?
– ఫ్లెక్సీ షాపు యజమాని, మిర్యాలగూడ

జవాబు: వాళ్లు వాపస్ పంపింది కరెక్టే అన్నా, మహిమ మనుషుల బ్యాచ్‌కు అతకదు. ఇంగ్లిష్‌వాళ్లు ఆ ఒక్క మాటతోనే అన్ని పనులూ చేయించుకుంటారు. యుద్ధం గెలిచినవాడి పేరూ గ్లోరీనే, దేవుడి తేజస్సూ గ్లోరీనే, పాత రాజధాని వైభవమూ గ్లోరీనే. ఆ మాట కూడా వాళ్ల సొంతం కాదు, లాటిన్ ‘గ్లోరియా’ పాత ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దంలో వాళ్ల దగ్గరికి చేరింది. లాటిన్‌లో దాని పుట్టుక ఏంటన్నదాని మీద పండితుల పేచీ ఇంకా తెగలేదు. మనం ఇన్ని పనులకూ ఒకే మాట వాడం, పనికో మాట పెట్టుకున్నాం.

కీర్తి సంగతి చూడండి. సంస్కృతంలో ‘కీర్తయతి’ అంటే చెప్తున్నాడు, ప్రస్తావిస్తున్నాడు అని. కీర్తన అక్కడిదే. ఖ్యాతి కూడా చెప్పడమే, వ్యాఖ్య, ఆఖ్యానం దాని అన్నదమ్ములు. విశ్రుతుడు అంటే ఊరూరా వినబడినవాడు, ‘శ్రు’ అంటే వినడం కాబట్టి. వేదంలో పేరుప్రతిష్ఠలకు ‘శ్రవస్సు’ అనే మాట ఉంది, దానికి గ్రీకులో తోబుట్టువు ‘క్లేఓస్’. తరగని కీర్తి అనే అర్థంలో ఋగ్వేదం ‘అక్షితం శ్రవః’ అంటే, హోమర్ దాదాపు అదే జంటను గ్రీకులో వాడాడు. ఈ పోలికను 1853లో ఆడాల్బెర్ట్ కూన్ అనే జర్మన్ పండితుడు పట్టుకున్నాడు. క్లియోపాత్రా పేరులో ఉన్నది ఆ క్లేఓసే, తండ్రికి కీర్తి తెచ్చేది అని ఆ పేరుకు అర్థం. రష్యన్ ‘స్లావా’ కూడా ఈ కుటుంబమే. మన పురాణాల్లో రావణుడి తండ్రి విశ్రవసుడు, అంటే చాలా పేరున్నవాడు. శత్రుఘ్నుడి భార్య శ్రుతకీర్తి, ఆమె పేరులోనైతే వినడమూ చెప్పడమూ రెండూ ఉన్నాయి.

తేజస్సు వేరే గుంపు. ‘తిజ్’ అంటే పదును పెట్టడం. తేజస్సు అంటే మొదట కత్తి అంచు, మంట కొస. తీక్ష్ణం కూడా అక్కడిదే. ప్రతాపంలో ఉన్నది వేడి, తాపం, తపస్సు దాని చుట్టాలు. వైభవం ‘విభవం’ నుంచి వచ్చింది, అంటే సంపద, అధికారం. విచిత్రం ఏంటంటే విభూతి కూడా అదే ధాతువు. గీత పదో అధ్యాయంలో భగవంతుడి వైభవాలన్నీ విభూతులే, మనం నుదుటికి పెట్టుకునే బూడిదా విభూతే.

ఇక మీ ఫ్లెక్సీ. నా లెక్కన అయితే ‘మన బడి, మన పాతికేళ్లు’ అని పెద్దక్షరాల్లో వేసి వదిలేయండి. కీర్తి అన్నది అవతలివాళ్ల నోట్లో ఉండాల్సిన మాట, మన ఫోటో కింద మనమే రాసుకుంటే చదివేవాళ్లు నవ్వుతారు. ఏదో ఒకటి ఉండాల్సిందే అని పట్టుబడితే ‘వైభవంగా’ అని వేయండి, అది మనుషులకు కాకుండా కార్యక్రమానికి తగులుతుంది కాబట్టి ఎవరికీ ఎబ్బెట్టు అనిపించదు.

ప్రశ్న: పెండ్లి కార్డుల మీద తాతల పేర్ల ముందు ‘కీ.శే.’ అని వేస్తారు. పూర్తి మాట ఏంటండీ? స్వర్గీయ అన్నా అదేనా?
– ఒక గృహిణి, దేవరకొండ

జవాబు: కీర్తిశేషులు అమ్మా. శేషం అంటే మిగిలింది. మనిషి పోయాడు, చెప్పుకునే పేరు మాత్రమే మిగిలింది అని. స్వర్గీయ, దివంగత అనేవి రెండూ పోయిన చోటు చెప్తాయి, స్వర్గానికి పోయాడని. కీర్తిశేషుడు మాత్రం ఇక్కడ ఏం మిగిలిందో చెప్తుంది, అందుకే నాకు అదే ఇష్టం. ఆ మాట బతికున్నవాళ్లకు పడకుండా మాత్రం చూసుకోండి. కార్డు ప్రూఫు వచ్చినప్పుడు అందరూ పెండ్లికూతురు పేరు, ముహూర్తం చూస్తారు గానీ పై వరుసలో తాతల పేర్లు ఎవరూ చూడరు, గొడవలన్నీ అక్కడే వస్తాయి.

ప్రశ్న: పేరు నిలబడాలంటే సప్తసంతానాలు ఉండాలని మా తాత అనేటోడు. ఏడుగురు పిల్లలనా?
– డిగ్రీ విద్యార్థి, పానగల్లు

జవాబు: ఏడుగురు పిల్లలైతే మీ నాయనమ్మ ఊరుకునేదా తమ్మీ! కొడుకు అందులో ఒకడు మాత్రమే. మిగతావి చెరువు, గుడి, తోట, అగ్రహారం, నిధి, కావ్యం. మనిషి పోయాక కూడా అతని పేరు చెప్పించేవి ఇవని పాతవాళ్ల లెక్క.

నువ్వు పానగల్లులో ఉండి ఈ ప్రశ్న అడగడం భలేగా ఉంది. మీ ఊరి ఉదయసముద్రం కందూరు చోడుల్లో ఉదయుడి పేరు మోస్తున్న చెరువే కదా. రాజ్యం పోయింది, వంశం పోయింది, నల్లగొండకు తాగునీళ్లు ఇచ్చే చెరువు మీద ఆయన పేరు ఇప్పటికీ ఉంది. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రికి పోయినా ఇంతే. కాకతీయుల కింద రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లలో నామిరెడ్డి పేరు మీద నామేశ్వరుడు, ఎరకసానమ్మ పేరు మీద ఎరకేశ్వరుడు వెలిశారు. దేవుడి పేరులోనే తమ పేరు కలిపేశారు! రోజూ అర్చన చేసేవాడు దేవుణ్ణి పిలిచినప్పుడల్లా వాళ్లనూ పిలవాల్సిందే. ఇంత తెలివి ఇవాళ శంకుస్థాపన శిలాఫలకాలు వేసుకునేవాళ్లకు లేదు.

ఇంకో ముచ్చట. పాత శాసనాల్లో కీర్తి, కీర్తనం అనే మాటలకు కట్టడం అనే అర్థం కూడా ఉంది. రాష్ట్రకూటుల కాలపు బరోడా తామ్రశాసనం, 812 నాటిది, ఎల్లోరా కైలాసాలయాన్ని ‘కీర్తనం’ అనే అంటుంది. దాన్ని కట్టిన శిల్పి, ఇది నేనెట్లా చేయగలిగాను అని తనే ఆశ్చర్యపోయాడని కూడా అందులో ఉంది.

కావ్యం సంగతికి వస్తే, రాస్తే సరిపోదు, రాసినట్టు ఎవరో ఒకరు చెప్పాలి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా మన పాలమూరు జిల్లావాడైన సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. వాళ్లలో చాలామంది అప్పటిదాకా తమ ఊరు దాటి ఎవరికీ తెలియనివాళ్లే. కీర్తి అంటే ప్రస్తావించడం అన్నాను కదా, ఆయన చేసింది అచ్చంగా ఆ పనే.

ప్రశ్న: మేము చర్చిలో ‘మహిమ, ఘనత, ప్రభావం’ అని మూడు మాటలు కలిపి పాడుతాం. మూడూ ఒకటే అయితే మూడుసార్లు ఎందుకు?
– ఒక గాయని, సూర్యాపేట

జవాబు: ఆ మూడూ ఒకటి కావు చెల్లీ. బైబిల్లో ప్రకటన గ్రంథం నాలుగో అధ్యాయం చివర ‘నీవే మహిమ ఘనత ప్రభావములు పొందనర్హుడవు’ అని వస్తుంది. గ్రీకు మూలంలో అక్కడ మూడు వేర్వేరు మాటలున్నాయి. మహిమ ఉన్న చోట ‘దోక్సా’, ఘనత ఉన్న చోట ‘తిమే’, ప్రభావం ఉన్న చోట ‘దునామిస్’. తిమే అంటే విలువ, ఖరీదు అని కూడా. దునామిస్ అంటే బలం. డైనమో, క్వారీల్లో రాళ్లు పేల్చే డైనమైట్ ఆ మాట నుంచే పుట్టాయి. నోబెల్ 1867లో తన పేలుడు మందుకు ఏరికోరి పెట్టుకున్న పేరు అది.

దోక్సా కథ మాత్రం పొడుగు. గ్రీకులో దానికి మొదటి అర్థం అభిప్రాయం, అనుకునేది. ఒకరి గురించి జనం అనుకునేది మంచిదైతే అది పేరవుతుంది. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దం నుంచి యూదుల గ్రంథాలను హీబ్రూ నుంచి గ్రీకులోకి మార్చడం మొదలైంది. ఆ పని చేసినవాళ్లు ‘కావోద్’ అనే మాట వచ్చినచోట ఎక్కువగా ఈ దోక్సానే పెట్టారు. కావోద్‌కు అభిప్రాయంతో సంబంధమే లేదు. దాని ధాతువుకు అర్థం బరువు. అదే ధాతువు నుంచి వచ్చిన ఇంకో మాట కాలేయానికి పేరు, ఒంట్లో బరువైన అవయవం కదా. అంటే దేవుడి కావోద్ అంటే ఆయన బరువు, ఆయన ముందు నిలబడితే మనకు తెలిసే బరువు. గ్రీకులోకి వచ్చాక దోక్సా తన పాత అర్థం మీద ఈ బరువునూ వెలుగునూ ఎత్తుకుంది. అక్కడి నుంచి లాటిన్ గ్లోరియాకు, తర్వాత ఇంగ్లిష్ గ్లోరీకి అవన్నీ దిగాయి.

మన అనువాదకులు దానికి మహిమ ఎంచుకున్నారు. మహత్ అంటే పెద్దది, మహిమ అంటే పెద్దతనం. అష్టసిద్ధుల్లో అణిమ చిన్నగా అయిపోవడం, మహిమ పెద్దగా అయిపోవడం. నన్నడిగితే హీబ్రూ మాటకు అచ్చంగా సరిపోయే మాట మన దగ్గర ఇంకోటుంది, గౌరవం. గురువు అంటే బరువైనది, ఛందస్సులో గురువు లఘువు గుర్తుందా? గురువు నుంచి గౌరవం, అంటే బరువుతనం. దానికి ఎదురుగా మనం వాడే ‘చులకన’ అంటే తేలికతనం. హీబ్రూలోనూ ఇదే వరస, తేలిక అనే మాట నుంచే తృణీకారం అనే అర్థం వచ్చింది. సమూయేలు మొదటి గ్రంథం రెండో అధ్యాయంలో నన్ను ఘనపరిచేవాళ్లను ఘనపరుస్తాను, నన్ను తృణీకరించేవాళ్లు తేలికైపోతారు అనే అర్థం వచ్చే మాటలో ఈ బరువూ తేలికా రెండూ ఎదురెదురుగా కూర్చున్నాయి. చుట్టరికం లేని రెండు భాషలు ఒకే దారిలో నడిచాయి చూడు. అయినా అనువాదంలో గౌరవం పెట్టకపోవడమే మంచిదైంది, మనం ఆ మాటను సన్మాన పత్రాల్లో, ‘గౌరవనీయులైన’ అనే దరఖాస్తుల్లో బాగా అరగదీసేశాం.

ప్రశ్న: ఎగ్జామ్ తప్పితే మా నాన్న ‘మంచి ఘనకార్యం చేసినవ్’ అంటడు. ఘనకార్యం అంటే గొప్ప పని కదా సార్?
– ఇంటర్ విద్యార్థి, అచ్చంపేట

జవాబు: మీ నాన్నకు భాష బాగా తెలుసు. గొప్ప మాటలను వెటకారంలోకి దించడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ‘నీ ప్రతాపం నా మీద చూపకు’ అన్నప్పుడు కాకతీయ ప్రతాపరుద్రుడు ఎవరికీ గుర్తుకు రాడు. ‘అంతా డబ్బు మహిమ’, ‘ఆ మహానుభావుడు ఇంకా లేవలేదా’, ఇవీ అంతే. సప్లిమెంటరీకి టెన్షన్ పడకుండా చదువు, పాసైతే ఆ ఘనకార్యమే నిజం ఘనకార్యం అవుతుంది.

ప్రశ్న: ఇజ్జత్, షాన్, దర్జా, బడాయి. ఇవన్నీ ఉర్దూ మాటలేనా?
– ఆటో డ్రైవర్, మహబూబ్‌నగర్

జవాబు: ఉర్దూ ద్వారా వచ్చినవే, కానీ మొదటి మూడింటి పుట్టిల్లు అరబ్బీ. దర్జా అంటే అక్కడ మెట్టు, అంతస్తు. ఒక మెట్టు పైన ఉన్నవాడి తీరు కాబట్టి మనకు దర్జా అయింది. ఇజ్జత్‌లో మొదట ఉన్నది బలం, తర్వాత పరువైంది. షాన్ అంటే స్థితి, హోదా. మీరు అడగలేదు గానీ రువాబు వెనక ఉన్న అరబ్బీ మాటకు అర్థం భయం. అవతలివాడు జడిస్తేనే రువాబు మరి. బడాయి ఒక్కటే హిందీ ఇంటిది. అక్కడ అది గొప్పతనం, మెచ్చుకోలు. మన దగ్గరికి వచ్చేసరికి సొంత డబ్బా అయిపోయింది.

ప్రశ్న: పద్యాల్లో రాజు కీర్తిని ఎప్పుడూ వెన్నెలతోనో మల్లెలతోనో పాలసముద్రంతోనో పోలుస్తారు. కీర్తికి రంగుందా?
– తెలుగు ఎం.ఏ. విద్యార్థిని, వనపర్తి

జవాబు: ఉందమ్మా, తెలుపు. కవిసమయాలు అంటారు వీటిని. కవులంతా ఒప్పుకున్న ఒప్పందాలు. కీర్తి తెలుపు, అపకీర్తి నలుపు, ప్రతాపం ఎరుపు. ప్రతాపంలో వేడి ఉందని పైన చెప్పాను కదా, అందుకే దానికి సూర్యుడు, కీర్తికి చంద్రుడు. ఇది తెలిస్తే ప్రబంధాల్లో సగం అతిశయోక్తులు సులువుగా విడిపోతాయి. రాజు కీర్తి వ్యాపించి లోకమంతా తెల్లబడితే ఐరావతం ఏదో మామూలు ఏనుగేదో తెలియకుండా పోయింది అనే తరహా పద్యాలు కొల్లలు. నిజం చెప్పాలంటే పది చదివాక విసుగొస్తుంది.

ప్రశ్న: గుళ్లో దేవుడి వెనక తోరణం నడుమ, పైన, గుడ్లురిమే సింహం లాంటి ముఖం ఉంటుంది. కింది దవడ ఉండదు, ఒళ్లు ఉండదు. దాన్ని కీర్తిముఖం అంటారట. అంత భయంకరమైనదానికి కీర్తి అని పేరేంటి?
– ఒక టీచర్, ఆలంపూర్

జవాబు: దీనికి స్కాందపురాణంలో కథ ఉంది మేడమ్. జలంధరుడనే రాక్షసుడు పార్వతిని తనకిచ్చేయమని రాహువుతో శివుడికి కబురు పంపాడు. శివుడి కనుబొమల నడుమ నుంచి సింహం తలతో ఒక భూతం పుట్టి రాహువు మీద పడింది. రాహువు శరణంటే శివుడు వదిలేయమన్నాడు. మరి నా ఆకలి సంగతేంటి అందా భూతం. నిన్ను నువ్వే తిను అన్నాడు శివుడు. అది కాళ్ల దగ్గర మొదలుపెట్టి చేతులు, ఒళ్లు, అన్నీ తినేసింది, చివరికి ముఖం మిగిలింది. చెప్పిన మాట ఇంతగా విన్నందుకు మెచ్చి కీర్తిముఖం అని పేరు పెట్టి, నా వాకిలి దగ్గర ఉండు, నిన్ను కొలవకుండా నన్ను కొలిచినవాళ్లకు ఫలం లేదు అన్నాడు.

కీర్తిశేషుడిలో కీర్తి ఒక్కటే మిగిలినట్టు ఇక్కడ ముఖం ఒక్కటే మిగిలింది. నాకైతే శివుడిచ్చిన ఆజ్ఞ కొంచెం అన్యాయంగానే తోస్తుంది. పాపం పుట్టించింది ఆయనే, ఆకలి పెట్టిందీ ఆయనే. శిల్పులకు మాత్రం ఈ ముఖం బాగా కలిసొచ్చింది. తోరణానికి రెండు చివర్లా మకరాలు, నడిమధ్యలో ఇది, చూడ్డానికి నిండుగా ఉంటుంది, దిష్టీ తగలదు. కొత్త ఇండ్ల మీద వేలాడదీసే కోరమీసాల దిష్టి ముఖాలూ ఇట్లాంటి పనికే కదా పెడతారు.

ప్రశ్న: దుబాయిలో ఉన్న కొడుకు దగ్గరికి పోతుంటే విమానం కిటికీలోంచి కింద మబ్బుల మీద మా విమానం నీడ కనిపించింది, దాని చుట్టూ గుండ్రంగా రంగుల వలయాలు. పక్క సీటాయన దాన్ని గ్లోరీ అంటారన్నాడు. నిజమేనా?
– రిటైర్డ్ ఉద్యోగి, కల్వకుర్తి

జవాబు: నిజమే సార్, ఆ పేరే. సూర్యుడు మీ వెనక, మబ్బు మీ ముందు ఉంటే, మబ్బులోని అతి సన్నని నీటి బొట్లు వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. ఆ తిరిగొచ్చే వెలుగు అలలు ఒకదాంతో ఒకటి కలిసి రంగులుగా విడిపోతాయి. వానవిల్లు కంటే చాలా చిన్నది, ఎరుపు బయటి అంచున ఉంటుంది. ఇంకోసారి కనిపిస్తే ఒకటి గమనించండి. విమానం నీడ పెద్దగా ఉన్నప్పుడు ఆ వలయం నడిమధ్యన ఉండేది సరిగ్గా మీరు కూర్చున్న చోటి నీడ. తోక దగ్గర కూర్చున్నాయనకు అది తోక చుట్టూ కనిపిస్తుంది. ఎవరి గ్లోరీ వాళ్లకే!

విమానాలు రాకముందు కొండలెక్కినవాళ్లు దీన్ని పొగమంచు మీద తమ నీడ చుట్టూ చూసేవాళ్లు. చైనాలో ఎమెయ్ కొండ మీద దీన్ని బుద్ధుడి వెలుగు అంటారు. 1894లో స్కాట్లండ్‌లోని బెన్ నెవిస్ శిఖరం మీద సి.టి.ఆర్. విల్సన్ అనే కుర్ర శాస్త్రవేత్త ఈ వలయాలు చూసి ముచ్చటపడి, ల్యాబులో సొంతంగా మబ్బు తయారు చేయాలని కూర్చున్నాడు. చేస్తూ చేస్తూ పరమాణువు కంటే చిన్న కణాల దారులు కంటికి కనిపించేట్టు చేసే క్లౌడ్ చాంబర్ దగ్గర తేలాడు, 1927లో నోబెల్ వచ్చింది. తెలుగులో దీనికి పేరు కావాలంటే నేను ప్రభావళి అంటాను. దేవుడి విగ్రహం చుట్టూ ఉండే చట్రానికి మనకున్న పేరు అదే కదా.

ప్రశ్న: వానాకాలంలో మా దిక్కు పొదల మీద పాకి మంట లెక్క పూసే పువ్వును ఇంగ్లిష్‌లో గ్లోరీ లిల్లీ అంటరట. ఇంట్ల పెంచుకోవచ్చా?
– యువ రైతు, అమ్రాబాద్

జవాబు: తెలుగులో అగ్నిశిఖ, అడవినాభి అంటారు. రేకులు కింద పసుపు, పైన ఎరుపుతో పైకి లేచి అచ్చం మంటలాగే ఉంటాయి. 1753లో లిన్నేయస్ దీనికి పెట్టిన లాటిన్ పేరు గ్లోరియోసా సుపర్బా. తమిళనాడుకు రాష్ట్ర పుష్పం ఇది, మనకు తంగేడు ఉన్నట్టు. పెంచుకోవచ్చు గానీ చిన్నపిల్లలు, మేకలు ఉన్న ఇంట్లో వద్దు తమ్ముడూ. మొక్క అంతా విషమే, దుంపలో మరీ ఎక్కువ. కోల్చిసిన్ అనే పదార్థం ఉంటుంది, కొలత ప్రకారం వాడితే గౌట్ కీళ్లనొప్పికి మందు, కొలత తప్పితే ప్రాణం తీస్తుంది. దుంపను కందగడ్డ అనుకుని వండుకుతిన్నవాళ్లు ఉన్నారు. తవ్వితే చేతులు కడుక్కోండి. ఎవరైనా తిన్నారని అనుమానం వస్తే వాంతులు మొదలయ్యేదాకా చూడొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. తిన్న దుంపలో ముక్క మిగిలితే కవర్‌లో వేసి వెంట పట్టుకుపోతే డాక్టరుకు పని సులువవుతుంది.